మస్టరులో లేని ముప్పై ఆరుగురు: ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో రెండు సీజన్ల కేస్ స్టడీ

2022 మార్చిలో ఒక సాయంత్రం గుంటూరు పరిసరాల్లోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి 40 ఏళ్ల ముఠా కార్మికుడిని తోటివాళ్లు ముగ్గురు ఆటోలో పడుకోబెట్టి నా క్లినిక్‌కు తీసుకువచ్చారు. ఛాంబర్‌లో బస్తాల నెట్టు మీద నిలబడి, కింది నుంచి అందిస్తున్న టిక్కీని (మిర్చి బస్తాను) నడుం తిప్పి అందుకుంటున్నప్పుడు లోపల ఏదో తెగినట్టు అనిపించిందని, ఆ టిక్కీ కిందనున్నవాడి మీద పడకుండా వరసలో పెట్టాకే కూలబడ్డానని ఆయన చెప్పారు. ఎడమ కాలు చాపి 30 డిగ్రీలు ఎత్తేసరికే నొప్పి తొడ వెనక నుంచి పాదం దాకా పాకుతోంది. బొటనవేలిని పైకి లేపే బలం బాగా తగ్గిపోయింది. నడుము నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య డిస్కు ఎడమవైపుకు జారి నాడిని నొక్కుతున్నట్టు ఎంఆర్‌ఐలో తేలింది.

వైద్యం వరకు ఇది పారిశ్రామిక ఆరోగ్య వైద్యుడిగా నేను తరచూ చూసే జబ్బే. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ తర్వాత జరిగిన రెండు సంభాషణలు. ప్రమాద నివేదిక కోసం స్టోరేజీకి ఫోన్ చేస్తే మేనేజరు, "ఆయన మా మనిషి కాదండీ, ముఠా మనిషి. మేస్త్రీతో మాట్లాడండి" అన్నారు. మేస్త్రీని అడిగితే, "సరుకు రైతుది, పురమాయించేది వ్యాపారి, గది స్టోరేజీవాళ్లది. ఇందులో మాకు యజమాని ఎవరని చెప్పమంటారు సార్?" అని ఎదురు ప్రశ్న వేశారు. పన్నెండేళ్లకు పైగా అదే ఆవరణలో బస్తాలు మోసిన మనిషి పేరు ఆ ఆవరణలో ఏ కాగితం మీదా లేదు. ముఠావాళ్లు మాత్రం తమ రోజువారీ పంపకంలోంచి ఆరు వారాల పాటు ఆయన ఇంటికి సగం వాటా పంపించారు. వాళ్ల దగ్గరున్న ఏకైక బీమా అదే.

నష్టపరిహారం నోటీసు అందిన తర్వాత యాజమాన్యమే నన్ను పిలిచి, పని పరిస్థితులను పరిశీలించి నివేదిక ఇవ్వమని కోరింది. ఫీజు ఇచ్చేది యాజమాన్యం, రోగి నా దగ్గరివాడు. ఈ ఇరకాటాన్ని దాచకుండా ముందే రెండు షరతులు పెట్టాను. నివేదిక నకలు మేస్త్రీకి కూడా ఇవ్వాలి. రోగి సంపాదనా శక్తి ఎంత తగ్గిందో నిర్ణయించే పని నేను చేయను, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు చేయాలి. రెండింటికీ వాళ్లు ఒప్పుకున్నారు. రోగి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను.

పని తీరు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి మే వరకు. ధర నచ్చని రైతు, ధర పెరుగుతుందని నమ్మిన వ్యాపారి ఆ నెలల్లోనే టిక్కీలను కోల్డ్ స్టోరేజీకి చేరుస్తారు. జూన్ నుంచి ఏడాది చివరి దాకా అదే సరుకు "ఏసీ మిర్చి" పేరుతో బయటికి వస్తుంది. అంటే ముఠాకు నాలుగు నెలలు ఊపిరాడని ఎక్కింపు, ఆ తర్వాత నెలల్లో అడపాదడపా దింపుడు. నేను పరిశీలించిన స్టోరేజీలో ముఠా 36 మంది. లారీ దగ్గర ఇద్దరు టిక్కీని ఎత్తి మూడో మనిషి వీపు మీద వేస్తారు. ఆయన కాటా దగ్గరికి, అక్కడి నుంచి లిఫ్టు దాకా మోస్తాడు. పై అంతస్తులో మరొకరు దాన్ని ఛాంబర్‌లోకి తీసుకెళ్తారు. నెట్టు కట్టేవాళ్లు చివరికి చేతులతో పైకి అందిపుచ్చుకుంటారు. ఒక్కో టిక్కీ నిద్రపోయే చోటుకు చేరేలోపు కనీసం నాలుగు జతల చేతులు మారుతుంది.

మూడు రోజుల పాటు ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండి లెక్కపెట్టాను. కాటా మీద 60 టిక్కీలను విడివిడిగా తూచితే 38 నుంచి 52 కిలోల దాకా ఉన్నాయి, సగటు 44 కిలోలు. ఒక నడివయసు కార్మికుడిని ఒక రోజంతా అనుసరిస్తే ఆయన చేతుల మీదుగా 262 టిక్కీలు దాటాయి. అంటే ఒక్క రోజులో ఒక్క నడుము మీద 11 టన్నుల పైచిలుకు బరువు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పక తప్పదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన 128వ సిఫారసు, వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించితే దాన్ని తగ్గించే ఏర్పాట్లు వీలైనంత త్వరగా చేయమంటుంది. ఆ కొలతతో చూస్తే 44 కిలోల టిక్కీలో తప్పే కనబడదు. యాజమాన్యం వాదన కూడా అదే. క్వింటాలు బియ్యం బస్తాలు మోసిన పాత తరంతో పోలిస్తే ఇది తేలిక పనే కదా అని వాళ్లు నిజాయితీగానే అడిగారు. కానీ వెన్నుపూసకు ఒక బస్తా బరువు ఎంతో, రోజుకు అలాంటివి ఎన్నో, నడుం ఎంత వంగి ఎటు తిరిగి ఎత్తుతున్నామో కూడా అంతే ముఖ్యం. అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే నయోష్ సంస్థ 1991లో సవరించిన ఎత్తుడు సూత్రం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కిలోల దగ్గరే మొదలవుతుంది. నెట్టు కట్టే మనిషి పాదాల దగ్గరి టిక్కీని ఒంటరిగా తల ఎత్తుకు లేపే దశకు ఆ సూత్రాన్ని అన్వయిస్తే, దూరం, మెలిక, నిమిషానికి రెండుసార్ల వేగం, పట్టు దొరకని గోనె అన్నీ కలిసి సిఫారసు బరువును 5 కిలోల దగ్గరికి దించేశాయి. అసలు బరువు దానికి ఎనిమిది రెట్లు. 19 నుంచి 26 డిగ్రీల వాతావరణానికి తయారైన ఈ సూత్రం శీతల గదిలో అక్షరాలా వర్తించదు కాబట్టి ఈ అంకెను నేను తీర్పుగా కాక సూచనగానే వాడాను. అయినా మా రోగి డిస్కు జారింది సరిగ్గా ఆ దశలోనే.

ఛాంబర్ లోపల 6 డిగ్రీలు. మే నెలలో బయట ప్లాట్‌ఫారం మీద ఒక మధ్యాహ్నం నా థర్మామీటరు 43 చూపింది. చెమటతో తడిసి ముద్దయిన బనియన్‌తో, వట్టి కాళ్లతో లోపలికి వెళ్లడం, వణుకు మొదలయ్యేలోపు బయటికి రావడం, మళ్లీ చెమట. చలికి వేళ్లు మొద్దుబారితే పట్టు సడలుతుంది. పట్టు సడలిన చేతి నుంచి జారిన టిక్కీ కిందివాడి మెడ మీద పడుతుంది. దీనికి తోడు ఘాటు. మిర్చిలోని కాప్సైసిన్ మన శరీరంలో మండే వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాన్నే తట్టి లేపుతుంది కాబట్టి చలిగదిలోనూ కళ్లు, గొంతు, చంకలు మండుతూనే ఉంటాయి. ఘాటు ఎక్కువైన తేజ రకం దిగిన రోజుల్లో దగ్గు తెర ముఠా అంతటినీ ఒకేసారి కమ్మేయడం నేను చూశాను. దగ్గుతూ బరువు మోసేవాడి నడుముకు అది రెండో దెబ్బ.

36 మందిలో 34 మంది వైద్య పరీక్షకు వచ్చారు. గడిచిన ఏడాదిలో నడుం నొప్పితో ఒక్క రోజైనా పని మానినవాళ్లు 21 మంది. ఇద్దరికి రక్తపోటు పై అంకె 180 దాటింది, ఆ సంగతి వాళ్లకు తెలియదు. 17 మంది చేతికి రక్తపోటు కొలిచే పట్టీ కట్టడం జీవితంలో అదే మొదటిసారి.

పరిశీలనలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాత్రం నా నివేదిక పరిధిలో అసలు లేని విషయం. అది అమ్మోనియాతో నడిచే ప్లాంటు. ఛాంబర్‌లో చిక్కుకున్నవాడు లోపలి నుంచి తలుపు తెరుచుకునే మీట ఉంది, కానీ దాని ముందు టిక్కీలు పేర్చి ఉన్నాయి. అత్యవసర ద్వారానికి దొంగతనం భయంతో బయటి నుంచి తాళం వేశారు. ఆ విషవాయువు లీకై సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో మెషీన్ రూం ఆపరేటర్లకు తెలుసు. ముఠాలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే ఏటా జరిగే డ్రిల్లుకు పిలిచేది మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఉన్నవాళ్లనే. ఆ తాళాన్ని ఆ సాయంత్రమే తీయించాను. నివేదిక దాకా ఆగే విషయం కాదది.

ఎవరి మనిషి

మస్టరులో మేనేజరు, గుమాస్తా, ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్లు కలిపి 11 మంది. వాళ్లకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) ఉంది, గుర్తింపు కార్డులు ఉన్నాయి. స్టోరేజీకి ఫ్యాక్టరీ లైసెన్సు కూడా ఉంది. చాలామంది గోదాము యజమానులకు తెలియని సంగతేమిటంటే, మామూలు గోదాములో సరుకు నిల్వ ఉంచడం దానంతట అదే ఉత్పత్తి ప్రక్రియ కాదు గానీ, అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కోల్డ్ స్టోరేజీలో ఏ వస్తువును నిల్వ ఉంచినా దాన్ని ఉత్పత్తి ప్రక్రియగానే నిర్వచించింది. అదే చట్టం "కార్మికుడు" అన్న మాటలో కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లను, ప్రధాన యజమానికి తెలిసినా తెలియకపోయినా, కలిపేసింది. అధిక బరువులను నిషేధించిన 34వ సెక్షను కూడా అందులోదే. కాబట్టి మేనేజరుగారు "మా మనిషి కాదు" అన్న మాట చట్టం ముందు నిలిచేది కాదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోని 12వ సెక్షను కూడా కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే బాధ్యతను ముందు ప్రధాన యజమాని మీదే పెట్టింది.

ఈఎస్‌ఐ విషయంలో దారి ఇంకా స్పష్టంగా ఉంది. ఒక రవాణా సంస్థలో ఎత్తుడు దింపుడు పని చేసే హమాలీలు ఆ చట్టం కింద ఉద్యోగులేనని హైదరాబాద్ నుంచి వెళ్లిన అప్పీలులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఇది సీజనల్ వ్యాపారం కనుక మినహాయింపు ఉంటుందని స్టోరేజీ అకౌంటెంటు వాదించారు. చట్టంలో సీజనల్ ఫ్యాక్టరీల జాబితా ఉంది, పత్తి జిన్నింగ్, వేరుశనగ కాయ ఒలవడం, చక్కెర, టీ లాంటివి; కోల్డ్ స్టోరేజీ అందులో లేదు.

మన రాష్ట్రానికి ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి, సంక్షేమం కోసం 1976లోనే ఒక ప్రత్యేక చట్టం వచ్చిందని చెబితే విన్నవాళ్లెవరూ నమ్మలేదు. మహారాష్ట్ర 1969లో మోత కార్మికుల కోసం తెచ్చిన మాథాడీ చట్టం కింద బోర్డులు ఏర్పడి, మోత కూలి వాటి ద్వారా చేతికి వస్తుంది. అలాంటి ఆశతోనే రాసుకున్న చట్టం పేరే ముఠా మేస్త్రీ వినకపోవడం నాకు బాధ కలిగించింది.

రోగి కేసులో సంపాదనా శక్తి 40 శాతం తగ్గిందని ప్రభుత్వ వైద్యుడు నిర్ణయించారు. అప్పటి నష్టపరిహార చట్టం ప్రకారం లెక్కకు తీసుకునే నెల వేతనం గరిష్ఠంగా 15,000 రూపాయలు. అందులో 60 శాతాన్ని 40 ఏళ్ల వయసుకు నిర్దేశించిన 184.17 గుణకంతో హెచ్చించి, అందులో 40 శాతం తీస్తే 6,63,012 రూపాయలు. యాజమాన్యం కోర్టుకు వెళ్లకుండా ఒప్పందం కుదుర్చుకుని కమిషనర్ దగ్గర నమోదు చేయించింది. ఆపరేషన్ లేకుండానే ఆయన కాలి బలం చాలావరకు తిరిగి వచ్చింది గానీ బస్తా మోయకూడదని నేను రాసిచ్చాను. ఇప్పుడు అదే ప్లాట్‌ఫారం మీద లాట్ నంబర్లు, టిక్కీల లెక్క రాస్తున్నారు.

మార్పులు, తప్పులు

మొదటి సిఫారసుగా 36 పేర్లను రిజిస్టరులో ఎక్కించి ఈఎస్‌ఐ కట్టమన్నాను. వైద్యుడు ముందు మాస్కులు, చేతి తొడుగులు రాస్తాడని వాళ్లు అనుకున్నారు. పేరు లేని మనిషికి ఇచ్చిన మాస్కు దయగా ఇచ్చినది, వచ్చే ఏడు ఇవ్వకపోయినా అడిగే దిక్కు ఉండదు. పేరు ఎక్కాక డ్రిల్లు, వైద్య పరీక్ష, ప్రమాద నివేదిక అన్నీ దాని వెంట వస్తాయన్నది నా నమ్మకం. కష్టం ఎక్కడొచ్చిందంటే, కూలి టిక్కీకి ఇంత చొప్పున ముఠా మొత్తానికి చెల్లుతుంది. ఎవరి వాటా ఎంతో మేస్త్రీ చేతిపుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు. చివరికి ఆ పుస్తకాన్నే ఆధారంగా తీసుకుని గుమాస్తా వారం వారం వేతన రిజిస్టరు రాయడం మొదలుపెట్టాడు. సీజన్‌లో కొందరి సంపాదన ఈఎస్‌ఐకి ఉన్న నెలకు 21,000 రూపాయల వేతన పరిమితి దాటుతుంది. కాని ఆరు నెలల చందా కాలం మొదట్లో పరిధిలో ఉన్నవాళ్లు ఆ కాలం ముగిసేదాకా కొనసాగుతారు. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం.

ఇక్కడ నేను మొదటి ఏడు గమనించని ఒక చిక్కు ఉంది, ఇతర స్టోరేజీల వాళ్లకు ఇది పనికొస్తుంది. ఈఎస్‌ఐ చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. అనారోగ్య భృతి రావాలంటే ఒక చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. మిర్చి సీజన్ సరిగ్గా మార్చి 31 గీతకు అటు ఇటు చీలిపోతుంది కాబట్టి, నాలుగు నెలలు ఒళ్లు హూనం చేసుకున్నవాడికి కూడా ఏ ఒక్క కాలంలోనూ 78 రోజులు నిండకపోవచ్చు. పనిలో తగిలిన దెబ్బకు ఇచ్చే భృతికి ఈ నిబంధన లేదు, పనిలో చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, వేతనంలో 90 శాతం వస్తుంది. కాని జ్వరానికీ, దగ్గుకూ మాత్రం ఈ రోజులే దిక్కు. అందుకే జూన్ తర్వాత దింపుడు రోజులను, అరపూట పని అయినా సరే, వదలకుండా హాజరు వేయించాం. రెండో ఏడు 36 మందిలో 29 మందికి ఒక కాలంలోనైనా 78 రోజులు నిండాయి.

బస్తా బరువు కథ నన్ను ఆశ్చర్యపరిచింది. టిక్కీలు 52 కిలోల దాకా ఎందుకు పెరుగుతున్నాయని రైతులను అడిగితే సమాధానం సూటిగా వచ్చింది: అద్దె టిక్కీకి ఇంత అని తీసుకుంటారు, కాబట్టి అదే డబ్బుకు ఎంత కుక్కితే అంత లాభం. స్టోరేజీ అద్దె పద్ధతి పొలంలో గోనె నింపే చేతుల మీదుగా వచ్చి ముఠా మనిషి నడుము మీద కూర్చుందన్నమాట. ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఈ బరువు తగ్గదు. 45 కిలోలు దాటిన ప్రతి టిక్కీకి అదనపు అద్దె వేసి, అందులో సగం ముఠాకు ఇవ్వమన్నాను. రైతుల మీద భారం మోపడం నాకు ఇష్టం లేదు, అందుకే సీజన్‌కు ముందే ఊళ్లలో చెప్పించి, మొదటి నెల అదనం వసూలు చేయనివ్వలేదు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ 60 టిక్కీలు తూచితే గరిష్ఠం 46 కిలోలు, సగటు 41.

లిఫ్టు నుంచి నెట్టు దాకా ఎత్తు సర్దుకునే రెండు కన్వేయర్లు కొనమన్నప్పుడు వ్యతిరేకత యాజమాన్యం నుంచి కాక ముఠా నుంచి వచ్చింది. యంత్రం వస్తే రేటు కోస్తారు, ఆ తర్వాత మనుషుల్ని కోస్తారు అన్నది వాళ్ల భయం, దానికి కారణం ఉంది. రెండు సీజన్ల వరకు టిక్కీ రేటు తగ్గించబోమని, ముఠా సంఖ్య తగ్గించబోమని కాగితం మీద రాసి సంతకాలయ్యాకే కన్వేయర్లు వచ్చాయి. తల పైకి ఎత్తే పని దాదాపుగా పోయింది.

నేను పొరబడినవీ ఉన్నాయి. చలికోట్లు తెప్పించాను, వీపు మీద టిక్కీ జారిపోతోందని మూడో రోజే పక్కన పడేశారు. ప్రతి విడతకూ మార్చుకోవడానికి పొడి బనియన్లు, ఛాంబర్ పక్కన ఆరవేసుకునే దండెం, రబ్బరు పట్టు ఉన్న బూట్లు మాత్రం నిలిచాయి. మాస్కులూ నిలవలేదు, బరువుతో నడిచేవాడు బిగుతైన మాస్కులోంచి ఊపిరి పీల్చలేడని నాకు తెలిసుండాల్సింది. నీళ్లు చల్లి దుమ్ము అణచడం మిర్చి దగ్గర కుదరదు, తేమ తగిలితే బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్. చీపురుకు బదులు వాక్యూమ్ యంత్రం పెట్టి, చిరిగిన గోనెలను లారీ దగ్గరే కుట్టించాక దగ్గు కొంత తగ్గింది. గంటకోసారి స్థానాలు మార్చుకునే నా పట్టిక కూడా సగమే అమలైంది, ఎందుకంటే నెట్టు మూలలు కట్టడం పెద్దవాళ్ల చేతి నైపుణ్యం. కుర్రాళ్లకు అప్పగిస్తే నెట్టు కూలుతుందని మేస్త్రీ చెప్పిన మాట సరైనదే. మూలలు కట్టేవాళ్లను వదిలి మిగతావాళ్లే మారుతున్నారు.

2023 సీజన్ చివర మళ్లీ పరీక్షించినప్పుడు నడుం నొప్పితో పని మానినవాళ్లు 21 నుంచి 12కు తగ్గారు. ఒకే చోట, ఒకే ముఠాలో, పోల్చి చూసే మరో బృందం లేకుండా వచ్చిన అంకె ఇది. ఆ ఏడు సరుకు కూడా కాస్త తక్కువ వచ్చింది. ఇందులో కన్వేయర్ వాటా ఎంత, బరువు తగ్గిన వాటా ఎంత అన్నది నేను విడదీయలేను.

2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం, నష్టపరిహార చట్టం లాంటి పాత కేంద్ర చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. విద్యుత్తు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి, కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్య 20 నుంచి 50కి పెరిగాయి. 11 మంది మస్టరు, 36 మంది ముఠా ఉన్న ఈ స్టోరేజీని ఈ కొత్త గీతల పక్కన పెట్టి చూడండి. ముఠాను బయటివాళ్లుగా చూపిస్తే అది ఫ్యాక్టరీ కాకుండా పోతుంది, కాంట్రాక్టు నిబంధనలూ తాకవు. ముఠాను లెక్కిస్తే 47 మందితో అది ఫ్యాక్టరీయే. మన ప్రాంతపు కోల్డ్ స్టోరేజీల్లో ఇలాంటి తలల లెక్కలు ఇప్పుడు జరుగుతున్నాయి కాబట్టే, యాజమాన్యం అనుమతితో ఈ అంకెలను బయటపెడుతున్నాను.

ఒక పని మిగిలిపోయింది. ప్లాట్‌ఫారం వెనక రేకుల షెడ్డులో తాలు కాయలు ఏరుతూ, తొడిమలు తీస్తూ రోజంతా ఘాటులో కూర్చునే ఆడవాళ్లు 14 మంది ఉన్నారు. వాళ్లను తీసుకొచ్చేది వ్యాపారులు, సరుకును బట్టి మనుషులు మారతారు, కాబట్టి నా నివేదికలో వాళ్లు లేరు. నేను కూడా వాళ్లను రెండు సీజన్ల పాటు దాటుకుంటూనే వెళ్లాను. మొన్న ఫిబ్రవరిలో లాట్ లెక్కలు రాస్తున్న మా పాత రోగే తన పుస్తకం చివరి పేజీలో వాళ్ల పేర్లు, ఏ వ్యాపారి దగ్గర ఎన్ని రోజులు పని చేశారో రాసి నాకు చూపించారు. ఆ పేజీ నకలుతో మేనేజరును, ముగ్గురు వ్యాపారులను ఒకే గదిలో కూర్చోబెట్టే ప్రయత్నంలో ఉన్నాను.